బోర్డు మీటింగ్‌లో మాట్లాడినందుకు టీచరు కాంట్రాక్ట్ ఆపేస్తారా?

ప్రశ్న: నమస్తే అండీ. డాలస్ దగ్గర ఒక పబ్లిక్ మిడిల్ స్కూల్లో నాలుగేళ్లుగా లెక్కలు చెబుతున్నాను. హెచ్‌1బీ మీద ఉన్నాను. నాది టర్మ్ కాంట్రాక్ట్, అంటే గడువు తీరాక రెన్యూ చేయాల్సింది. నా క్లాసులో ఐఈపీ (వికలాంగ విద్యార్థికి ఏ సాయం అందాలో రాసే ప్రణాళిక) ఉన్న పిల్లలకు రావాల్సిన స్పెషల్ ఎడ్ సాయం వారాల తరబడి అందలేదు, లాగ్‌లో మాత్రం అందినట్టు ఉంది. డిసెంబరు 9న ప్రిన్సిపాల్‌కి ఈమెయిల్ పెట్టాను, జవాబు రాలేదు. జనవరి 20న స్కూల్ బోర్డు మీటింగ్‌లో పేరు రాయించుకుని మూడు నిమిషాలు మాట్లాడాను. తర్వాత మా ఏరియా తెలుగు పేరెంట్స్ వాట్సాప్ గ్రూప్‌లోనూ రాశాను. ఫిబ్రవరి 18న అబ్జర్వేషన్‌లో ఎప్పుడూ లేనంత తక్కువ రేటింగ్ ఇచ్చారు. మార్చి 3న గ్రోత్ ప్లాన్ (మెరుగుపడటానికి చేయాల్సిన పనుల జాబితా) పెట్టారు. నిన్న ప్రిన్సిపాల్ పిలిచి, ‘నీ కాంట్రాక్ట్ రెన్యూ చేయమని రాయలేను, నువ్వే రిజైన్ చేస్తే రికార్డు శుభ్రంగా ఉంటుంది’ అన్నారు. ఈ దేశంలో మాట్లాడే స్వేచ్ఛ ఉంది కదా, ఇది కక్ష సాధింపు కాదా? సిటిజన్ కాని నాకు ఆ హక్కు వర్తిస్తుందా? రిజైన్ చేయమంటారా?

సమాధానం: ముందు చివరి ప్రశ్నకు జవాబు. రిజైన్ చేయకండి. కనీసం టీచర్ల కేసులు చూసే లాయరు ఒకరు మీ కాగితాలన్నీ చదివేదాకా చేయకండి. మీరే వెళ్లిపోతే నాన్‌రెన్యువల్ (కాంట్రాక్ట్ కొనసాగించకపోవడం) అనేదే ఉండదు, దాని మీద మీకు రావాల్సిన హియరింగూ ఉండదు. రేపు కోర్టుకు వెళితే ‘మేం తీసేయలేదు, ఆమే వెళ్లింది’ అంటారు. బలవంతంగా వెళ్లగొట్టారని నిరూపించడం చాలా కష్టం. ఏడాది మధ్యలో అనుమతి లేకుండా కాంట్రాక్ట్ వదిలేస్తే టీచర్ సర్టిఫికెట్ మీద కూడా చర్య రావచ్చు. ‘రికార్డు శుభ్రంగా ఉంటుంది’ అన్న మాటకు తొందరపడి సంతకం పెట్టకండి.

సిటిజన్ సంగతికి వస్తే, ఆ హక్కు మీకూ ఉంది. అమెరికా రాజ్యాంగం మొదటి సవరణ ఇచ్చే వాక్ స్వాతంత్ర్యం ఈ దేశంలో నివసిస్తున్న విదేశీయులకూ వర్తిస్తుందని సుప్రీంకోర్టు 1945లోనే బ్రిడ్జెస్ కేసులో చెప్పింది. ఈ రకం కేసుల్లో ‘పౌరుడిగా మాట్లాడారా’ అనే మాట పదే పదే వస్తుంది. దానికీ పాస్‌పోర్టుకూ సంబంధం లేదు. ఉద్యోగ ధర్మంగా మాట్లాడారా, ఊళ్లో అందరిలాంటి మనిషిగా మాట్లాడారా అన్నదే దాని అర్థం. మీ కేసంతా ఈ ఒక్క తేడా మీదే నిలబడుతుంది, అందుకని దీన్ని కాస్త వివరంగా చెప్పాలి.

1968లో పికరింగ్ కేసు వచ్చింది. ఇల్లినాయిలో ఒక హైస్కూల్ టీచరు, బోర్డు డబ్బును చదువుకీ ఆటలకీ ఎలా పంచుతోందో విమర్శిస్తూ స్థానిక పత్రికకు ఉత్తరం రాశాడు. ఉద్యోగం తీసేశారు. ఉత్తరంలో కొన్ని వివరాలు తప్పని తేలింది. అయినా, తెలిసి తెలిసి అబద్ధమో, నిజమా కాదా అని పట్టించుకోకుండా రాసిందో అయితే తప్ప, ప్రజలకు సంబంధించిన విషయం మీద మాట్లాడినందుకు టీచరును తీసేయకూడదని సుప్రీంకోర్టు చెప్పింది. 1972లో పెర్రీ కేసులో, ఇదే టెక్సస్ నుంచి వెళ్లిన కేసులోనే, టెన్యూర్ (శాశ్వత ఉద్యోగ భద్రత) లేకపోయినా మాట్లాడినందుకు కాంట్రాక్ట్ ఆపకూడదని తేల్చారు. టర్మ్ కాంట్రాక్ట్ మీద ఉన్న మీకు ఇది ముఖ్యం.

2006లో గార్సెటీ తీర్పు వచ్చి దారి బాగా ఇరుకైంది. ఉద్యోగ బాధ్యతలో భాగంగా చెప్పిన మాటకు మొదటి సవరణ రక్షణ లేదని ఆ తీర్పు. మరుసటి ఏడాది, టెక్సస్ మీద అధికారం ఉన్న ఫెడరల్ అప్పీళ్ల కోర్టు, ఐదో సర్క్యూట్, దీన్ని డాలస్ స్కూల్ డిస్ట్రిక్ట్ కేసులోనే వాడింది. ఒక హైస్కూల్ అథ్లెటిక్ డైరెక్టర్ ఆటల ఖాతాలో డబ్బు లెక్కలు అడుగుతూ ఆఫీస్ మేనేజరుకీ ప్రిన్సిపాల్‌కీ మెమోలు రాశాడు. తర్వాత అతణ్ని పక్కనపెట్టి కాంట్రాక్ట్ రెన్యూ చేయలేదు. అతని అనుమానం సబబైనదా కాదా అన్నదాకా విషయం వెళ్లలేదు. ఆ మెమోలు రాయడం అతని పనిలో భాగం, కాబట్టి రక్షణ లేదు అన్నారు.

ఇప్పుడు మీ మాటల్ని మూడుగా విడదీసి చూడండి. కోర్టు కూడా అలాగే చూస్తుంది. 2008లో హ్యూస్టన్‌లోని ఒక ప్రభుత్వ వైద్య విద్యాసంస్థ ఆడిటర్ కేసులో ఇదే ఐదో సర్క్యూట్, పైఅధికారులకు రాసిన వాటిలో పనికి సంబంధించిన భాగానికి రక్షణ లేదంది. అదే మనిషి ఎఫ్‌బీఐకీ, ఉద్యోగ వివక్షను చూసే ఫెడరల్ సంస్థకీ చెప్పిన మాటలకు రక్షణ ఉందంది.

డిసెంబరు 9 ఈమెయిల్ బలహీనమైనది. మీ క్లాసులోని పిల్లల సంగతి మీ పైఅధికారికి, స్కూల్ ఈమెయిల్‌లో రాశారు. మొదటి సవరణ కింద దాని మీద ఆశ పెట్టుకోకండి. దానికి వేరే దారి ఉంది, కింద చెబుతాను.

జనవరి 20న మాట్లాడిన మాటలే మీ అసలు బలం. పబ్లిక్ కామెంట్‌కు ఊళ్లో ఎవరైనా పేరు రాయించుకోవచ్చు, అక్కడికి వెళ్లి మాట్లాడటం మీ ఉద్యోగ వివరణలో లేదు. వికలాంగ పిల్లలకు చట్టప్రకారం రావాల్సిన సాయం ప్రజలకు సంబంధించిన విషయమే. ‘స్కూల్లో పనిచేయడం వల్ల తెలిసిన సంగతే కదా, కాబట్టి ఉద్యోగిగా మాట్లాడినట్టే’ అని డిస్ట్రిక్ట్ లాయరు వాదించవచ్చు. పనిలో తెలిసిన సమాచారం అయినంత మాత్రాన ఆ మాట ఉద్యోగి మాట అయిపోదని 2014లో లేన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ రోజు మీరు సైన్ చేసిన కార్డు మీద ఏం రాశారో గుర్తు చేసుకోండి. బడి వేళలు దాటాక వెళ్లి, సొంత పేరుతో, సొంత అభిప్రాయంగా మాట్లాడి ఉంటే మంచిది. మీ పనివేళలు మారాయనో, ప్రిన్సిపాల్ గౌరవంగా మాట్లాడరనో ఎక్కువసేపు చెప్పి ఉంటే అది సొంత గొడవ అంటారు. 1983 నాటి కానిక్ తీర్పు ప్రకారం ఏం మాట్లాడారు, ఎలా మాట్లాడారు, ఏ సందర్భంలో మాట్లాడారు అన్నవన్నీ చూస్తారు.

వాట్సాప్ పోస్టు మధ్యరకం. పేరెంట్స్‌కి చెప్పడం పౌరుడి మాటే కావచ్చు, కానీ ఫలానా పిల్లాడని గుర్తుపట్టేలా ఒక్క ముక్క ఉన్నా విద్యార్థి సమాచార గోప్యత చట్టం చూపించి మిమ్మల్ని తీసేయడానికి వాళ్లకు తేలికైన కారణం దొరుకుతుంది. అలాంటిది ఉందేమోనని భయమేస్తే తొందరపడి డిలీట్ చేయకండి. సాక్ష్యం చెరిపేశారన్న ఇంకో ఆరోపణ వస్తుంది. స్క్రీన్‌షాట్ తీసి లాయరుకి చూపించాకే ఏదైనా చేయండి.

ఈమెయిల్‌కున్న వేరే దారి వికలాంగుల హక్కుల మీద ఉన్న రెండు ఫెడరల్ చట్టాలు: సెక్షన్ 504, అమెరికన్స్ విత్ డిజెబిలిటీస్ యాక్ట్. వికలాంగ విద్యార్థుల హక్కుల కోసం నోరు విప్పినవాళ్ల మీద కక్ష సాధించకూడదని ఈ చట్టాలు విడిగా చెబుతాయి. వీటి కింద పౌరుడా ఉద్యోగా అన్న ప్రశ్న రాదు. ఇలాంటి దారినే 2005లో జాక్సన్ కేసులో సుప్రీంకోర్టు తెరిచింది. అలబామాలో ఆడపిల్లల బాస్కెట్‌బాల్ కోచ్ ఒకాయన తన జట్టుకు సమానంగా సౌకర్యాలు ఇవ్వడంలేదని పైవాళ్లకు ఫిర్యాదు చేసి కోచ్ పని పోగొట్టుకున్నాడు. చదువులో ఆడ, మగ వివక్షను నిషేధించే టైటిల్ 9 చట్టం కింద కేసు వేసే హక్కు ఆయనకుందని తేల్చారు. చాలామంది టీచర్లు ఫ్రీ స్పీచ్ ఒక్కటే పట్టుకుని కేసు వేసి గార్సెటీ దగ్గర ఓడిపోతారు. మీ ఫిర్యాదులో ఈ రెండు చట్టాల పేర్లూ మొదటి పేజీలోనే ఉండాలి. ఫెడరల్ విద్యాశాఖ పౌరహక్కుల కార్యాలయానికి 180 రోజుల్లో ఫిర్యాదు చేయాలి. ఫిబ్రవరి 18 నుంచి లెక్కపెడితే ఆగస్టు 17. 2025 మార్చిలో ఆ కార్యాలయం ప్రాంతీయ ఆఫీసులు 12లో 7 మూసేస్తున్నట్టు ప్రకటించారు, డాలస్ ఆఫీసు కూడా అందులో ఉంది. కాబట్టి జవాబు త్వరగా వస్తుందని అనుకోకండి, అయినా గడువు లోపల వేసి పెట్టండి.

ఇక గడువులు. మంచి కేసులు ఎక్కువగా ఇక్కడే పాడవుతాయి. డిస్ట్రిక్ట్ గ్రీవెన్స్ (స్కూల్ డిస్ట్రిక్ట్‌కే రాసిచ్చే ఫిర్యాదు) గడువు టెక్సస్‌లో చాలా చోట్ల సంఘటన తెలిసిన నాటి నుంచి 15 పనిదినాలుగా ఉంటూ వచ్చింది. మీ డిస్ట్రిక్ట్ వెబ్‌సైట్‌లో పాలసీ మాన్యువల్ తెరిచి డీజీబీఏ లోకల్ అన్న, ఉద్యోగుల ఫిర్యాదుల పేజీలో ఇప్పుడున్న సంఖ్య ఇవాళే చూసుకోండి. ఆ లెక్కన ఫిబ్రవరి 18 రేటింగ్ మీద గడువు దాటిపోయి ఉండొచ్చు. మార్చి 3 గ్రోత్ ప్లాన్ మీద ఇంకా మిగిలి ఉండొచ్చు. స్ప్రింగ్ బ్రేక్ రోజులు లెక్కలోకి వస్తాయో రావో కూడా ఆ పాలసీలోనే ఉంటుంది. అబ్జర్వేషన్ రిపోర్టు చేతికి అందిన 10 పనిదినాల్లో రాతపూర్వకంగా జవాబు ఇచ్చే హక్కు కూడా మీకుంది. అది దాటిపోతే ఏడాది చివరి అప్రైజల్‌కి అయినా తప్పకుండా రాయండి.

టర్మ్ కాంట్రాక్ట్ రెన్యూ చేయకూడదనుకుంటే, చదువు చెప్పే ఆఖరి రోజుకు కనీసం 10 రోజుల ముందు బోర్డు మీకు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. ఇవ్వకపోతే వచ్చే ఏడాదికి మిమ్మల్ని అదే హోదాలో కొనసాగించినట్టే. ప్రిన్సిపాల్ నోటిమాట నోటీసు కాదు. నోటీసు వచ్చిన 15 రోజుల లోపు హియరింగ్ కావాలని రాసివ్వాలి. ఇవి మామూలు రోజులు, పనిదినాలు కావు. కారణం కూడా డిస్ట్రిక్ట్ ముందే రాసిపెట్టుకున్న జాబితాలోదై ఉండాలి. హియరింగ్‌లో ఓడితే 20 రోజుల్లో రాష్ట్ర విద్యా కమిషనర్‌కి అప్పీలు.

ఫెడరల్ కోర్టులో సెక్షన్ 1983 (ప్రభుత్వ సంస్థలు రాజ్యాంగ హక్కుల్ని కాలరాస్తే దావా వేయనిచ్చే చట్టం) కింద వేసే కేసుకు టెక్సస్‌లో రెండేళ్లు ఉంది. ఈ గడువు ఆఖరి పనిదినం నుంచి కాక, తీసేస్తున్నామని మీకు తెలియజేసిన రోజు నుంచి మొదలవుతుంది. గ్రీవెన్స్ నడుస్తున్నంత మాత్రాన ఆగదు. రిక్స్ కేసులో సుప్రీంకోర్టు 1980లోనే ఈ రెండూ చెప్పింది. న్యూజెర్సీ, కాలిఫోర్నియాల్లో కూడా రెండేళ్లే, న్యూయార్క్‌లో మూడేళ్లు, టెనెసీలో ఒక్క ఏడాదే. డాలస్‌లో ఉన్న స్నేహితురాలు చెప్పిన లెక్కని నాష్‌విల్‌లో ఉన్నవాళ్లు పట్టుకోకూడదు.

గ్రీవెన్స్ వల్ల ఒరిగేదేముంది అని అడుగుతారు చాలామంది. టెక్సస్‌లో దానికి ఒక ప్రత్యేకమైన అవసరం ఉంది. ప్రిన్సిపాల్ కక్ష సాధించినంత మాత్రాన డిస్ట్రిక్ట్ బాధ్యత వహించదు, 1978 నాటి మొనెల్ తీర్పు అది. ఆఖరి విధాన నిర్ణయం ఎవరిదో వాళ్ల వల్ల జరగాలి, టెక్సస్‌లో ఆ అధికారం ట్రస్టీల బోర్డుది. తర్వాత ‘ప్రిన్సిపాల్ మనసులో ఏముందో మాకు తెలియదు, మేం పనితీరు చూసి ఓటేశాం’ అంటారు. అందుకే గ్రీవెన్స్‌ని మూడో మెట్టు, అంటే బోర్డు దాకా తీసుకెళ్లాలి. అక్కడ సూటిగా రాయండి: ‘జనవరి 20న ఈ బోర్డు ముందు వికలాంగ విద్యార్థుల సేవల గురించి నేను మాట్లాడినందుకే ఫిబ్రవరి 18 రేటింగ్, మార్చి 3 గ్రోత్ ప్లాన్, నాన్‌రెన్యువల్ సిఫారసు వచ్చాయి. ఇది మొదటి సవరణకూ, సెక్షన్ 504కూ, అమెరికన్స్ విత్ డిజెబిలిటీస్ యాక్ట్‌కూ విరుద్ధమైన ప్రతీకార చర్య.’ ఆ వాక్యం రికార్డులోకి ఎక్కాక కూడా బోర్డు ఓటేస్తే, తెలియదనడానికి వీలుండదు. అన్యాయం, వేధింపు, టాక్సిక్ వాతావరణం అని మూడు పేజీలు రాసి ఈ ఒక్క వాక్యం రాయనివాళ్లు చాలామంది ఉంటారు.

ఇంకో సంగతి. ఐదో సర్క్యూట్ పరిధిలో చెడ్డ మాట, తక్కువ మార్కు, గ్రోత్ ప్లాన్ లాంటివి వాటంతట అవి కేసుకు చాలవు. ఉద్యోగం తీసేయడం, కాంట్రాక్ట్ ఆపడం, హోదా తగ్గించడం, అధికారిక రిప్రిమాండ్ (మందలింపు) లాంటివి ఉండాలి. కాబట్టి ఇప్పటిదాకా జరిగినవి సాక్ష్యం మాత్రమే, కేసు పుట్టేది నాన్‌రెన్యువల్‌తో. అది జరగకపోతే కోర్టు గొడవ లేకుండానే మీ ఉద్యోగం నిలబడినట్టు, మనకు కావాల్సిందీ అదే.

రేటింగ్‌కీ బోర్డులో మాట్లాడినదానికీ మధ్య నాలుగు వారాలే ఉండటం మీకు అనుకూలం. కానీ తేదీలు ఒక్కటే చాలవు. 1977 నాటి మౌంట్ హెల్తీ కేసు గుర్తుంచుకోవాలి. ఒహాయోలో ఒక టీచరు, టీచర్ల దుస్తుల మీద ప్రిన్సిపాల్ పంపిన మెమో సంగతి రేడియో స్టేషన్‌కు ఫోన్ చేసి చెప్పాడు. అంతకుముందే ఆయన క్యాంటీన్‌లో స్పగెటి తక్కువ వడ్డించారని సిబ్బందితో గొడవపడ్డాడు, ఇద్దరు ఆడపిల్లల వైపు అసభ్యంగా సైగ చేశాడు. ఫోన్ చేయకపోయినా ఎలాగూ తీసేసేవాళ్లమని స్కూల్ నిరూపించగలిగితే టీచరు గెలవడని కోర్టు నియమం పెట్టింది. మీ విషయంలో కూడా వాళ్లు వెతికేది ఆ స్పగెటి లాంటిదే. ఆలస్యంగా రావడం, గ్రేడ్లు సమయానికి ఎక్కించకపోవడం, కోపంలో పంపిన ఒక ఈమెయిల్. గ్రోత్ ప్లాన్‌లో రాసినవన్నీ, అన్యాయమైనవైనా సరే, గడువులోపల పూర్తి చేసి ‘ఫలానా తేదీన పూర్తిచేశాను’ అని ఈమెయిల్‌లో రాయండి.

ఈ వారాంతం కూర్చుని ఒక పట్టిక రాయండి. గత మూడేళ్ల టీ-టెస్ (టెక్సస్‌లో టీచర్ల పనితీరు లెక్కకట్టే పద్ధతి) రిపోర్టులు తీసి, 16 అంశాల్లో ఏది ఎక్కడ ప్రొఫిషియెంట్ నుంచి దాని కింది మెట్టు డెవలపింగ్‌కి పడిందో గుర్తించండి. జనవరి 20కి ముందు మీ క్లాసుకు ఎన్ని వాక్‌త్రూలు (కాసేపు వచ్చి చూసివెళ్లే తనిఖీలు) వచ్చాయి, తర్వాత ఎన్ని వచ్చాయి, ఒక్కొక్కటి ఏ రోజు, ఎన్ని నిమిషాలు. ఇలా తేదీలతో ఉన్న ఒక్క పేజీ, లాయరుకి మీరు గంటసేపు చెప్పే కథ కన్నా ఎక్కువ పనికొస్తుంది. నిన్నటి మీటింగ్ సంగతి ఇవాళే ఇంటి ఈమెయిల్ నుంచి మీకు మీరే రాసుకోండి, ఎవరున్నారు, ఏ మాట వాడారు, ఎన్ని గంటలకు. బోర్డు మీటింగ్ ప్రస్తావన ప్రిన్సిపాల్ నోట వచ్చి ఉంటే ఆ మాటను ఉన్నదున్నట్టు రాయండి. నిర్ణయం తీసుకున్నవాళ్లకు మీరు మాట్లాడిన సంగతి తెలుసని చూపించడం తప్పనిసరి. టెక్సస్‌లో సంభాషణలో ఉన్న ఒక్కరి సమ్మతితో రికార్డు చేయడం నేరం కాదు, కానీ డిస్ట్రిక్ట్ పాలసీ నిషేధిస్తే అదే మిమ్మల్ని తీసేయడానికి కారణం అవుతుంది. పాలసీ చూడకుండా ఫోన్ ఆన్ చేయకండి.

టెక్సస్ పబ్లిక్ ఇన్ఫర్మేషన్ యాక్ట్ కింద డిసెంబరు 1 నుంచి ఇప్పటిదాకా మీ పేరున్న ప్రిన్సిపాల్, సూపరింటెండెంట్ ఈమెయిళ్లు, జనవరి 20 మీటింగ్ వీడియో, స్పీకర్ కార్డు అడగండి. దీనికి 10 పనిదినాలు అని లెక్క వేసుకోవచ్చు. మీ అంతట మీరు మాత్రం సర్వీస్ లాగ్‌లు, ఐఈపీలు, ఆర్డ్ (ఐఈపీని నిర్ణయించే కమిటీ) మీటింగ్ కాగితాలు సొంత జీమెయిల్‌కి పంపుకోకండి. నిజం నిరూపించాలన్న ఆత్రంలో టీచర్లు చేసే పెద్ద పొరపాటు ఇదే, దీని ఒక్కదానితో బలమైన కేసు కూడా కూలిపోతుంది. ఏ కాగితం ఏ ఫోల్డరులో ఉందో రాసుకుంటే చాలు, లాయరు పద్ధతి ప్రకారం తెప్పిస్తారు. స్కూల్ లాప్‌టాప్ మీద లాయరుతో ఒక్క ముక్క కూడా రాయకండి.

టెక్సస్ విజిల్‌బ్లోయర్ చట్టం గురించి కూడా విని ఉంటారు. అది మీ పాత మాటలకు బహుశా వర్తించదు. ఉల్లంఘనను తగిన చట్ట అమలు సంస్థకు చెప్పి ఉండాలి, పైఅధికారికి చెబితే చాలదని 2013లో టెక్సస్ సుప్రీంకోర్టు తేల్చింది. కానీ పిల్లల విషయం మిగిలే ఉంది కదా. టెక్సస్ ఎడ్యుకేషన్ ఏజెన్సీకి స్పెషల్ ఎడ్ ఫిర్యాదు ఎవరైనా ఇవ్వవచ్చు, ఉల్లంఘన జరిగి ఏడాది దాటకూడదు, 60 రోజుల్లో తేల్చాలి. పిల్లలకు పోయిన గంటలు తిరిగి ఇప్పించే దారి ఇదే. మిగతావన్నీ మీ ఉద్యోగం కోసం, ఇది వాళ్ల కోసం, దీన్ని వదిలేయవద్దని నా కోరిక. అయితే ఇది ఇప్పుడు ఇచ్చారు కాబట్టి ఇదివరకే మొదలైన చర్యలన్నీ దీనివల్లే అని వాదించలేరు. 2001లో నెవాడాలోని ఒక స్కూల్ డిస్ట్రిక్ట్ కేసులో, ముందే ఆలోచనలో ఉన్న పని తర్వాత చేస్తే అది ప్రతీకారానికి రుజువు కాదని సుప్రీంకోర్టు చెప్పింది.

వీసా. ఉద్యోగం ఆగితే 60 రోజుల వరకు, లేదా మీ ఐ-94 (దేశంలో ఎప్పటిదాకా ఉండవచ్చో చూపే రికార్డు) గడువు వరకు, ఏది ముందైతే అంతవరకు సమయం ఉంటుంది. టీచర్లకు ఇక్కడొక చిక్కు. కాంట్రాక్ట్ మే చివరికో జూన్‌కో ముగిసినా, జీతాన్ని పన్నెండు నెలలకు పంచడం వల్ల ఆగస్టు దాకా డబ్బు పడుతుంటుంది. ఆగస్టు చెక్కు నుంచి 60 రోజులు లెక్కపెట్టి నిశ్చింతగా ఉండకండి. ఇమిగ్రేషన్ లాయరుతో ఆ తేదీ ఏప్రిల్‌లోనే తేల్చుకోండి. మీ డిస్ట్రిక్ట్ హెచ్‌1బీని యూనివర్సిటీ అనుబంధం చూపించి క్యాప్ (ఏటా ఇచ్చే హెచ్‌1బీల పరిమితి) మినహాయింపు కింద వేసి ఉంటే, క్యాప్ వర్తించే ఇంకో డిస్ట్రిక్ట్‌కి మారేటప్పుడు లాటరీ అడ్డు రావచ్చు. మీ ఐ-129 (డిస్ట్రిక్ట్ మీ కోసం వేసిన వీసా దరఖాస్తు) కాపీ తీసి చూడండి. మిమ్మల్ని వాళ్లే మీ హెచ్‌1బీ గడువుకు ముందు తీసేస్తే స్వదేశానికి వెళ్లే ప్రయాణ ఖర్చు ఇవ్వాల్సిన బాధ్యత కూడా వాళ్లదే.

ఉపాధ్యాయ సంఘంలో సభ్యత్వం ఉందా? టెక్సస్‌లో టీచర్ల తరఫున సమష్టి బేరసారాలు లేవు, కానీ సంఘాలు సభ్యులకు లాయరును ఇస్తాయి. చేరిన తర్వాత మొదలైన గొడవలకే సాధారణంగా ఆ సాయం ఉంటుంది. ఇదివరకే సభ్యులైతే ఇవాళే ఫోన్ చేయండి. కాకపోతే ఎంప్లాయ్‌మెంట్ లాయర్లలో స్కూల్ ఉద్యోగుల తరఫున వాదించేవాళ్లని వెతకండి. డిస్ట్రిక్ట్‌ల తరఫున వాదించేవాళ్లు వేరు. గెలిస్తే లాయరు ఫీజు అవతలివాళ్ల చేత ఇప్పించే వీలు సెక్షన్ 1983 కేసుల్లో ఉంది, అందువల్ల మంచి కేసయితే ముందస్తు డబ్బు తక్కువ తీసుకునేవాళ్లూ దొరుకుతారు.

వాట్సాప్ గ్రూప్‌లో మళ్లీ రాయాలా వద్దా అని అడగలేదు కానీ, పేరెంట్స్ మిమ్మల్ని అడుగుతూనే ఉంటారు. స్కూల్ వేళల్లో, స్కూల్ ఫోన్ మీద, పిల్లల వివరాలతో రాయకండి. వాళ్ల బిడ్డ ఐఈపీలో వారానికి ఎన్ని నిమిషాలు రాశారో, లాగ్‌లో ఎన్ని వేశారో అడిగి తెలుసుకునే హక్కు తల్లిదండ్రులకే ఉంది. ఆర్డ్ మీటింగ్ పెట్టమని రాతపూర్వకంగా అడగమని, సర్వీస్ లాగ్ కాపీ కావాలని రాయమని మాత్రం చెప్పండి.